మూడో కేక

కెప్టెన్ ఉరుముకు పెళ్ళి కాలేదు. దేశమే అతని కుటుంబమని బొమ్మల పుస్తకం మొదటి సంచిక మొదటి పేజీలోనే అచ్చేశారు. ఆ సంచిక మా బడికి సర్కారు పంపిన పుస్తకాల కట్టలో వచ్చింది. మూడో తరగతి పిల్లలకు నా చేతులతో నేనే పంచాను. బొమ్మలో ఉన్నవాడు ఆరడుగుల పైన ఉంటాడు. తెల్లటి మనిషి, నీలం చొక్కా, నుదుటి మీద పడే జుట్టు. అతను చేతులు చాచి నిలబడితే చుట్టూ ట్యాంకులు ఎగిరిపోతుంటాయి. నా మొగుడు ఓర్సు ఓదేలు నాకన్నా రెండు వేళ్ళు ఎత్తు, అంతే. జుట్టు పెళ్ళినాటికే సగం పోయింది.

"టీచర్, ఈయన మల్లిక వాళ్ళ బాపు కదా?" అని ఒక పిల్ల లేచి అడిగింది. మల్లిక మా బిడ్డ.

"బొమ్మల పుస్తకంల ఎవ్వల బాపూ ఉండడు, కూసో" అన్నాను. నాకు నవ్వొచ్చింది. ఆ రోజుల్లో నాకు ఇంకా నవ్వు వచ్చేది.

మాది కరీంనగర్ వైపు ఎర్రగుట్టపల్లి. ఊరి చుట్టూ ఉన్న గుట్టలన్నీ గ్రానైటు క్వారీలే. ఓదేలు తాత సుత్తె పట్టాడు, తండ్రి సుత్తె పట్టాడు, ఓదేలు మందు పట్టాడు. బండకు తూట్లు వేసి, మందు కూరి పేల్చే పని. మా వడ్డెరోళ్ళలో ఆడపిల్ల టీచరు కావడం మా ఊళ్ళో నాతోనే మొదలు. అందుకని పెళ్ళయిన కొత్తలో ఓదేలు నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు, "టీచరమ్మా, బువ్వ పెడుతరా?" అని ఆటపట్టించేవాడు.

క్వారీలో ఒక పద్ధతి ఉంది. మందు బత్తికి నిప్పు పెట్టే ముందు మూడు కేకలు వెయ్యాలి. మొదటి "దూరమో..." వినపడగానే ఎక్కడి పని అక్కడ వదిలేసి అందరూ దూరం పోవాలి. రెండో "దూరమో..." తరువాత నాలుగు దారుల్లో కాపలా ఉన్నవాళ్ళు తమ వైపు చూసుకుని, "ఎవ్వల్లేరో..." అని జవాబు వెయ్యాలి. నాలుగు జవాబులూ చెవిన పడ్డాకనే మూడో కేక, ఆ తరువాతే నిప్పు. ఓదేలు మందు పట్టిన ఇన్నేళ్ళలో అతని చేతి కింద ఒక్క మనిషికి గోరు కూడా ఊడలేదు. కల్లు తాగినప్పుడు కూడా గొప్పలు చెప్పుకోని మనిషి, ఈ ఒక్క మాట మాత్రం ఎవరితోనైనా చెప్పేవాడు.

యుద్ధం మొదలయ్యాక క్వారీలు మూతపడ్డాయి. మందంతా సరిహద్దుకు పోయింది. పని లేక ఊరంతా అరుగుల మీద కూర్చున్న రోజుల్లో హైదరాబాదు నుంచి మిలిటరీ ల్యాబు వాళ్ళు వచ్చారు. పేలుళ్ళకు అలవాటు పడ్డ మనుషులు కావాలన్నారు. రక్తం తీశారు, చర్మం కింద ఏదో సూది గుచ్చి వారం రోజులు చూశారు. మిగతా అందరికీ జ్వరాలూ బొబ్బలూ వచ్చాయి. ఓదేలుకు ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో వాళ్ళకూ తెలియదు. నెల తిరక్కుండా సర్కారీ నౌకరీ అని చెప్పి తీసుకుపోయారు.

*

నన్ను కూడా ల్యాబుకు పిలిపించారు. భార్య ఒప్పుకోవాలట. అక్కడి పెద్ద డాక్టరు కృపానందం గారు, కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడతారు. ఏమిటిది, ఎలా పనిచేస్తుందని నేను అడిగితే లెక్చరు ఇవ్వలేదు. నా అరచేతిలో బెల్లంపాకం లాంటి జిగురు కొంచెం వేసి గుప్పిట మూయమన్నారు. రెండు వైర్లు తగిలించారు. కాసేపటికి చిన్న బల్బు వెలిగింది.

"ఇది మీ కరెంటేనమ్మా. ప్రతి మనిషికీ నరాల్లో ఉంటుంది. ఈ జిగురు దాన్ని తాగి దాచుకుంటుంది. మీ చేతిలో చెంచాడు ఉంది కాబట్టి బల్బు వెలిగింది. ఓదేలు గారికి ఒంటి నిండా చర్మం కింద పరిచాం. నెల రోజులు నిండాక ఒక్కసారిగా వదిలితే..." అని చేతులు దూరంగా విప్పి చూపించారు. "పేలుడు చర్మానికి జానెడు అవతల మొదలవుతుంది. ఆయనకు గీత కూడా పడదండి."

చెయ్యి కడుక్కున్నాను. సాయంత్రం దాకా ఆ అరచేతికి చన్నీళ్ళూ వేన్నీళ్ళూ ఒకటిగానే ఉన్నాయి. డాక్టరు గారితో చెబితే, "తిమ్మిరమ్మా, పోతుంది" అన్నారు. నాకు పోయింది కూడా. అందుకే ఒప్పుకున్నాను.

మొదటి పరీక్ష మా ఊరి క్వారీలోనే పెట్టారు. పెద్ద బండ పక్కన ఓదేలును నిలబెట్టి, అందరం దూరంగా నిలబడ్డాం. వదలడమెలాగో అప్పటికి ల్యాబుకు సరిగా అంతుబట్టలేదు. ఊపిరితిత్తులు పూర్తిగా ఖాళీ అయితే జిగురు వదులుతుందని మాత్రం తెలుసు. ఊపిరి బయటికి తొయ్యమని డాక్టరు గారు మైకులో చెప్పారు. ఓదేలు తోశాడు. ఏమీ కాలేదు. మళ్ళీ తోశాడు. మిలిటరీ ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

"సార్, కేక వెయ్యకుంట నాతోని కాదు" అన్నాడు ఓదేలు.

"ఇక్కడ ఎవరున్నారయ్యా కేక వెయ్యడానికి? యుద్ధంలో కేకలేస్తూ పోతావా?" అన్నాడు ఆఫీసరు.

ఓదేలు ఆయన మాట చెవిన పెట్టలేదు. మొదటి కేక వేశాడు. రెండోది వేసి ఆగి, నాలుగు దిక్కులూ చూశాడు. ఎవరూ జవాబు ఇవ్వరు కదా, వాళ్ళకేం తెలుసు. నేనే చేతులు అడ్డం పెట్టుకుని "ఎవ్వల్లేరో..." అని అరిచాను. ఒక దిక్కు చాలదన్నట్టు అట్లనే నిలబడ్డాడు. పరుగెత్తి మిగతా మూడు వైపులకూ పోయి అరిచి వచ్చాను. అప్పుడు మూడో కేక వేశాడు. అది సాగి సాగి, గొంతులో గాలి అంతా అయిపోయిన చోట బండ లేచిపోయింది. దుమ్ము అణిగాక చూస్తే ఓదేలు నిలబడే ఉన్నాడు, ఒంటి మీద నూలుపోగు లేదు. ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు. నేను చీర కొంగు పట్టుకుని ఎదురుపోయాను.

అట్లా ఆ కేక సైన్యంలోకి పోయింది. మూడో కేక ఎత్తుకుంటే ఇక ఆగేది లేదని కూడా ఆ రోజే తెలిసింది.

*

సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు ఒక పొద్దున జొన్నరొట్టె కాలుస్తున్నాను. పొయ్యి మీది పెనం ఓదేలు ఉత్తచేత్తో పట్టుకుని దించాడు. ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. కమురు వాసన వచ్చాక నేను చూశాను. అతను నా ముఖం చూసి, ఆ తరువాత తన చెయ్యి చూసుకున్నాడు.

"ఎన్ని రోజులసంది?" అన్నాను.

"రెండోసారి పేలినప్పటిసంది. వేళ్ళ కొసలే. మందు కూరెటోనికి వేళ్ళతోని ఏం పని ఇప్పుడు?"

వేళ్ళతో ఆగలేదు. పేలిన ప్రతిసారీ కొంత పోయేది. అరచేతులు పోయాయి, పాదాలు పోయాయి, వీపు పోయింది. నాలుక మీద ఉప్పూ కారం పోయాయి. చెవుల్లో సన్నటి చప్పుళ్ళు పోయాయి. పిచ్చుక అరిస్తే వినపడదు, ట్రాక్టరు వస్తే వినపడుతుంది. మా మల్లికకు అప్పుడు నాలుగేళ్ళు. దాని మాట వినపడక పెదవులు చూసేవాడు. అది వాకిట్లో నుంచి ఉరికొచ్చి మీద పడితే ఎత్తుకుని, "ఈడ పెట్టు బిడ్డా, ఈడ తెలుస్తది" అని దాని బుగ్గను తన మెడ కింది గుంటకు ఆనించుకునేవాడు. ఒకసారి సెలవుకు మెడ, తరువాతి సెలవుకు చెవి కింద, ఆ తరువాత కనురెప్ప. తెలిసే చోటు వెతికి చూపించేవాడు. ఇంటికి వస్తే అతనికి ఇష్టమైన పని ఏదన్నా ఉందంటే పిల్లలు తన మీదికి ఉరికి రావడమే. మల్లిక ఒక్కతే కాదు, వాడకట్టు పిల్లలంతా వచ్చేవాళ్ళు.

"ఇగ సాలు, చాలించు" అని నేను అనని సెలవు లేదు.

"యుద్ధం అయిపోనీ. మా తాన మనోళ్ళు సస్తలేరు స్వరూపా. అవుతలోళ్ళు గూడ కేక ఇని గోదాములు ఇడిసిపెట్టి ఉరుకుతున్నరు. పేలేది రాయి, ఇనుము. మనిషి పోలేదు ఇంతవరకు" అనేవాడు.

*

కామిక్ రాసింది ఫణికుమార్ అనే ప్రచారశాఖ కుర్రాడు. పుస్తకం మొదలుపెట్టే ముందు మా ఇంటికి వచ్చాడు, పప్పుచారు పోసుకుని రెండుసార్లు తిన్నాడు. కేకల పద్ధతి ఓదేలు చెబుతుంటే ఆ అబ్బాయి కళ్ళు వెలిగిపోయాయి. మంచివాడే. అదే వచ్చిన చిక్కు.

కెప్టెన్ ఉరుము పేలే ముందు పేజీ అంతటా "దూరమో..." అని పడేది. రెండో కేకకు మేడల మీద నుంచీ సందుల్లో నుంచీ పిల్లలు "ఎవ్వల్లేరో..." అని జవాబిచ్చేవాళ్ళు. జానెడు అవతల పేలుడు మొదలవుతుందన్న మాట డాక్టరు గారి నోట విన్నాడో ఏమో, నాలుగో సంచికలో ఇద్దరు అనాథ పిల్లలు పరుగెత్తి వచ్చి కెప్టెన్‌ను కౌగిలించుకుంటారు. అతను వాళ్ళను పొదువుకుని మూడో కేక వేస్తాడు. శత్రువులంతా మసి. పిల్లలు నవ్వుతూ లేస్తారు. మంచివాళ్ళను కెప్టెన్ పేలుడు ఏమీ చెయ్యదని కింద రాసి ఉంటుంది.

ఆ సంచిక వచ్చిన వారంలోనే మా బడి ఆవరణలో కొత్త ఆట పుట్టింది. ఒకడు ఉరుము అవుతాడు. దూరమో అంటాడు. మిగతావాళ్ళు గోడల చాటు నుంచి ఎవ్వల్లేరో అని ఒక్క గొంతుతో అరుస్తారు. మూడో కేక అయ్యేలోపల ఉరికొచ్చి ఉరుమును పట్టుకున్నవాళ్ళు బతికినట్టు. అందనివాళ్ళు చచ్చినట్టు. చచ్చినవాళ్ళు నవ్వుకుంటూ దుమ్ములో దొర్లుతారు.

నేను చూస్తూ నిలబడ్డాను. మా తాతల కాలం నుంచి మా పిల్లలు ఆ కేక వింటే వెనక్కి తిరిగి చూడకుండా ఉరికేవాళ్ళు. పాకే పిల్లను కూడా చంకనేసుకుని ఉరికేవాళ్ళు. ఇప్పుడు ఎదురు ఉరుకుతున్నారు. పక్క మండలంలో ఒక క్వారీకి కొద్దిగా మందు ఇచ్చి రోడ్డు పని మొదలుపెడితే, కేక విని ఐదారుగురు పిల్లలు బండ మీదికే పరుగెత్తారు. కాపలావాళ్ళు జుట్లు పట్టి ఈడ్చుకొచ్చారు. ఆ కబురు విన్నాక నాకు బువ్వ సయించలేదు. మర్నాడే హైదరాబాదు బస్సెక్కాను.

ఫణికుమార్ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. విషయం చెప్పాను. "పిల్లలు దగ్గరికొచ్చే బొమ్మలు తీసెయ్యి నాయనా. జవాబు కేక కూడా తీసెయ్యి" అన్నాను.

"పుస్తకానికి ప్రాణమే అది మేడమ్. ఏడు భాషల్లో వస్తోంది ఇప్పుడు. మాటలన్నీ మార్చాం గానీ ఆ రెండు కేకలు మార్చలేదు, ఎక్కడైనా అవే. అవతలి దేశం పిల్లలు కూడా ఉల్లిగడ్డ బస్తాల్లో దొంగతనంగా తెప్పించుకుని చదువుతున్నారట. ఓదేలన్న గొంతు శత్రువుల ఇళ్ళలో ఉందంటే చూడండి."

"వాళ్ళూ ఉరికొస్తరు మరి."

"పిల్లలకు కథ ఏదో నిజం ఏదో తెలుసు మేడమ్" అన్నాడు. టీచరుతో అన్నాడు ఆ మాట.

నా మాట పూర్తిగా తీసిపారెయ్యలేదు పాపం. తరువాతి సంచిక చివరి పేజీ అడుగున, నిజమైన పేలుళ్ళకు దూరంగా ఉండాలని ఒక వాక్యం వేశాడు. కళ్ళజోడు పెట్టుకుని కూడా నేను కూడబలుక్కుని చదవాల్సి వచ్చింది. సెలవుకు వచ్చిన ఓదేలుతో చెబితే, "పిలగాండ్లు కద, ఆడుకుంటరు. నేను జవాబులు వినంది మూడో కేక వేస్తనా?" అన్నాడు. అతని ధైర్యం అతనిది. నిజమే, వినకుండా ఎన్నడూ వెయ్యలేదు.

*

ఆ ఊరి పేరు చెప్పకూడదని మాతో ప్రమాణం చేయించుకున్నారు. సరిహద్దుకు అవతల ఒక చిన్న ఊరు, అంతే. ఊరి నడుమ పాత ధాన్యం గోదాములో శత్రువులు తుపాకీ మందు దాచారు. జనమంతా ముందే ఖాళీ చేసి పోయారని మనవాళ్ళకు కబురు. నాలుగు సందుల్లో నలుగురు సిపాయిలు. జవాబు ఎట్లా వెయ్యాలో వాళ్ళకు ఓదేలే నేర్పాడు.

ఇదంతా ఓదేలు నాకు చెప్పింది, అది జరిగిన రెండు నెలలకు. ఇంటి వెనక బండ మీద కూర్చుని ఉన్నాం. ఏ సెలవూ అడక్కుండా ఇంటికి పంపించారంటే నాకు ఏదో అయ్యిందని తెలుసు గానీ నేను అడగలేదు. తనే మొదలుపెట్టాడు.

"రెండో కేక వేసిన. మూడు దిక్కుల జవాబొచ్చింది. నాలుగో దిక్కు ఉన్న సిపాయిని అప్పటికే ఎవడో కొట్టి పడేసిండట. నాకు తెల్వదు. ఆ దిక్కునుంచి గూడ వచ్చింది జవాబు. మంచిగ, గట్టిగ వచ్చింది."

"ఎవరేసిన్రు?"

"పిలగాండ్లు. పది మంది ఒక్కసారే అరిచిన్రు. ఒక్కడే అరిస్తె నా చెవులకు వినపడకపోతుండె. నేను ఆగిపోతుంటి. పది మంది కలిసేసరికి మగగొంతు లెక్క మందంగ వినపడ్డది. మూడోది ఎత్తుకున్న."

"మూడోది ఎత్తుకుంటె ఆగదు గద" అన్నాను.

"సందులకెల్లి ఉరికొస్తున్నరు స్వరూపా. చేతులు సాపి, నవ్వుకుంట. ఊపిరి అప్పటికే పోతాంది. లోపలికి గుంజిన. రాలే. నోరు మూసుకున్న, ముక్కులకెల్లి పోయింది. ఒక పిల్ల అందరికన్న ముందొచ్చింది. వచ్చి నా కాలు పట్టుకుంది. పట్టుకున్నట్టు నాకు తెల్వలే. కిందికి చూసినంక తెలిసింది."

ఏడవాలని నాకు తెలుసు. అటువంటి మాట విన్నప్పుడు మనిషన్నవాడు ఏడుస్తాడు. నాకు రాలేదు. లోపల ఏదో బండ పడ్డట్టు ఉండిపోయింది, అంతే. లేచి పోయి పొయ్యి మీది అన్నం వార్చి వచ్చాను. ఓదేలు అట్లనే కూర్చుని ఉన్నాడు, ముఖంలో ఏమీ లేదు. కన్నీళ్ళు కారుతున్నాయి గానీ ఆ సంగతి అతనికి తెలియదు. నేనే తుడిచాను.

తరువాతి సంచికలో కెప్టెన్ ఉరుము ఒక పేరులేని ఊరిని విడిపించాడు. పిల్లలు పూలదండలు వేశారు. ఫణికుమార్‌కు అసలు సంగతి చెప్పారో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

*

వానాకాలం మొదట్లో కృపానందం గారు మా ఇంటికి వచ్చారు. ఓదేలు చేతులూ వీపూ సూదులతో గుచ్చి చూశారు. తీసుకునే కరెంటు ఇక ఒంట్లో మిగల్లేదట, జిగురు నిండడం మానేసింది. నరాలు తిరిగొస్తాయా అంటే తల అడ్డంగా ఊపారు. మనిషి చిక్కిపోయారు, నా వైపు చూడలేకపోయారు.

"ఇంకో పద్నాలుగు మందికి ఒళ్ళు ఈ జిగురును ఒప్పుకుందండి. ఎందుకు ఒప్పుకుంటుందో ఇప్పుడు తెలిసింది" అన్నారు టీ గ్లాసు చేతిలో తిప్పుతూ. "యుద్ధం ఎలాగూ ఆగిపోయేలా ఉంది. వాళ్ళను గనులకూ క్వారీలకూ వేస్తున్నారు. మందు ఖర్చు లేదు కదా. మీ గుట్టకు కూడా ఒకతను వస్తాడు, వానలు వెనకబట్టాక."

"కేక?" అన్నాడు ఓదేలు.

"అదే నేర్పించాం. ఊపిరి పూర్తిగా ఖాళీ కావడానికి అంతకన్నా మంచి పద్ధతి మాకు దొరకలేదండి."

"పిలగాండ్లు?"

"కంచె వేస్తారు."

ఓదేలు నా వైపు చూశాడు. మా బడికీ క్వారీకీ మధ్య ఒక చేను అడ్డం. కంచె కింద నుంచి దూరే దారులు మా పిల్లలకు నేర్పనక్కరలేదు.

డాక్టరు గారు పోయాక నేను అన్నాను, "రేపటిసంది నువ్వు బడికి రావాలె. పొద్దున ప్రార్థన అయినంక నడుమ నిలబడి కేక వెయ్యాలె. వాళ్ళు నీ నుంచి దూరం ఉరకాలె. గోడ దాటినంకనే జవాబు ఇయ్యాలె. అది వచ్చేదాంక రోజూ చేద్దాం."

"ఇప్పుడు నా మీదికి ఉరికొచ్చేది వాళ్ళే గద" అన్నాడు ఓదేలు. ఆ తరువాత, "సరే" అన్నాడు.

మొదటి రోజు అనుకున్నట్టే అయింది. మొదటి కేక వేశాడో లేదో బడి బడంతా సంబరపడిపోయింది. అసలు కెప్టెన్ ఉరుమే వచ్చి తమతో ఆడుతున్నాడు మరి. ఎవ్వల్లేరో అని ఒక్క అరుపు అరిచి అందరూ వచ్చి అతన్ని చుట్టేసుకున్నారు. ఓదేలు చేతులు పైకెత్తి నిలబడి, వాళ్ళ తలల మీదుగా నన్ను చూశాడు. నేను బెత్తంతో నేల మీద కొట్టాను, కేకలేశాను. ఎవరు వింటారు?

మర్నాడు అతన్ని వరండాలో పిల్లల ముందు కూర్చోబెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. చెప్పాడు. ఆ ఊళ్ళో తన మీదికి ఉరికొచ్చింది వీళ్ళ వయసు పిల్లలేనని, వీళ్ళ లాగానే ఆడుకుంటూ వచ్చారని, ఒక్కరూ లేవలేదని చెప్పాడు.

"మంచోళ్ళను ఏం చెయ్యదు గద పెద్దబాపు?" అన్నాడొక పిల్లవాడు.

"మంచోళ్ళే వాళ్ళు" అన్నాడు ఓదేలు. "అందరూ మంచోళ్ళే."

ఆ సాయంత్రం కొందరు తల్లులు బడి మీదికి వచ్చారు. పిల్లలు నిద్రలో ఉలిక్కిపడుతున్నారని, నీకు బుద్ధుందా అని తిట్టారు. తిట్టించుకున్నాను. నాకు కోపం కూడా రాలేదు. నాలుగు రోజులకు పిల్లలు దూరం ఉరకడం మొదలుపెట్టారు. ముందు ఆటకు, తరువాత నిజంగా. దారిలో ఓదేలు ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకునేవాళ్ళు. వాడకట్టు పిల్లలు మా వాకిట్లోకి రావడం మానేశారు. నేను కోరుకున్నది అదే. అయినా పొద్దూకితే వాకిలి వైపే చూసేదాన్ని.

మల్లిక మాత్రం ఉరకలేదు.

దానికి ఆరేళ్ళు ఇప్పుడు. అందరూ గోడ దాటుతుంటే అది ఎదురొచ్చి తండ్రి కాలు కరుచుకునేది. ఓదేలు కిందికి చూస్తే గానీ అది అక్కడున్నట్టు తెలిసేది కాదు. చూసినప్పుడల్లా అతని ముఖంలో రక్తం ఇంకిపోయేది. నేను రెక్క పట్టి లాగితే నా చెయ్యి కొరికింది. "బాపు నన్నేం చెయ్యడు" అంది. రోజూ అదే మాట. బతిమాలాను, కొట్టాను, మిఠాయి ఇస్తానన్నాను. నా తల ప్రాణం తోకకొచ్చింది గానీ అది దారికి రాలేదు. కంచె వెయ్యడానికి రాతి కడీలు దించారు. కొత్త మనిషి పండుగ వెనక వస్తాడని సర్పంచు చెప్పాడు. ఆ మనిషి కేక కూడా దానికి బాపు కేకే. మిగతా పిల్లలు నిలబడిపోయినా ఇది ఆ కేకకు ఎదురు ఉరుకుతుందని నాకు తెలుసు.

ఒక పొద్దున ఓదేలు దాని ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నేను నిన్నేం చెయ్యనని అనుకుంటున్నవా బిడ్డా?"

"ఆఁ."

"ఆ పిల్ల గూడ అట్లనే అనుకుంది."

"ఏ పిల్ల?"

"నా కాలు పట్టుకున్న పిల్ల. నీ అంతే ఉండె. గౌను ఏసుకుంది. నా దిక్కు చూసి నవ్వింది."

మల్లిక తన చేతిని చూసుకుంది. అది అప్పటికీ అతని మోకాలి మీదే ఉంది. మెల్లగా తీసేసుకుంది. నా వెనక్కి వచ్చి నిలబడింది. ఆ రాత్రి బువ్వ తినేటప్పుడు తండ్రికి దూరంగా, గడప దగ్గర కూర్చుంది. ఇన్ని నెలల్లో మొదటిసారి నాకు ఏడుపొచ్చింది, చెయ్యి కడుక్కునే నెపంతో బయటికి పోయి ఏడ్చాను. ఓదేలు తన పళ్ళెంలోది పూర్తిగా తిని లేచాడు.

మర్నాడు ప్రార్థన అయ్యాక అతను బడి నడుమ నిలబడ్డాడు. మొదటి కేక వేశాడు. అందరికన్నా ముందు మల్లిక ఉరికింది. వెనక్కి చూడలేదు. జడలు ఎగురుతుంటే గోడ సందులో నుంచి దూరి అవతలికి పోయింది. రెండో కేక వేశాడు. గోడ వెనక నుంచి అక్కడొకరు ఇక్కడొకరు విడివిడిగా జవాబులు ఇచ్చారు.

"వచ్చినయా?" అని నన్ను అడిగాడు. అన్నీ సన్నటి గొంతులే.

"వచ్చినయి."

"మల్లికది?"

దాని గొంతు నాకు విడిగా వినపడుతూనే ఉంది. "వచ్చింది" అన్నాను.

"ఎంత దూరంకెల్లి?"

"గోడ అవుతల. చింతచెట్టు కాడ."

ఓదేలు అటువైపు కాసేపు చూశాడు. మూడో కేకకని పట్టిన ఊపిరిని ముక్కులో నుంచి ఊరికే వదిలేశాడు.

"సాలదు. ఇంకా దూరం పొమ్మను" అన్నాడు.

నేను నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, తండ్రి నుంచి ఇంకా దూరం ఉరకమని నా బిడ్డకు కేకేశాను.